పిట్టల దుకాణంలో కొన్న కొర్రలు

ఈ మధ్య మా కాలనీవాళ్ళు క్వినోవా అనే గింజ గురించి నాకు పాఠాలు చెబుతున్నారు: ఎక్కడ కొనాలి, ఎన్నిసార్లు కడగాలి, సుగరుకి ఎంత మంచిది అంటూ. వింటూంటే ఒళ్ళు మండుతుంది. ఆ గుణాలన్నీ ఉన్న మన కొర్రలు తొంభైల నాటి ఢిల్లీలో పిట్టలమ్మే దుకాణంలో తప్ప నాకెక్కడా దొరకలేదు. అప్పుడీ పండితులంతా ఎక్కడున్నారు? (నేను పదో తరగతి తప్పినవాణ్ణే. అయినా ఫుట్‌పాత్ మీద కొన్న ఆహారశాస్త్రం పుస్తకాలు మూడు నమిలి మింగాను.)

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళు. జనక్‌పురిలో మందుల దుకాణంలో పనిచేస్తూ, ఆదివారాలు కంటోన్మెంటులో సుబేదార్ మామ క్వార్టర్‌కి భోజనానికి వెళ్ళేవాణ్ణి. చుట్టరికమేమీ లేదు, రైల్లో కలిసిన పరిచయం. ఆయనది అనంతపురం పక్క, నాది కృష్ణా జిల్లా. ఆ ఏడు ఆయన సుగరు మూత్రపిండాల దాకా పాకింది. డాక్టర్లు వరన్నం మానమన్నారు, రొట్టె ఆయనకు గొంతు దిగదు. పళ్ళెం ముందు కూర్చుని, ఊరికే లేచిపోయేవాడు. ఒకనాడు "కొర్రన్నమైతే ఒక ముద్ద తింటానేమో" అన్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను తెస్తాగా!" అన్నాను.

కిరాణా కొట్లవాళ్ళు నవ్వి పంపేశారు. చివరికి పిట్టల దుకాణంలో దొరికాయి. "కంగ్నీ? తోతే కే లియే?" అన్నాడు దుకాణదారు, కొర్రలా, చిలక్కేనా అని. మనిషికని చెప్పడానికి సిగ్గేసి తలూపాను. ఎన్ని చిలకలన్నాడు. "ఒక్కటే. ముసలిది. తిండి మానేసింది" అన్నాను. ఆయన ముఖం దిగులుపడింది. "పాస్ బైఠో, భయ్యా. అకేలా మత్ ఛోడో" అన్నాడు. పక్కన కూర్చో, ఒంటరిగా వదలకు అని. నా మూడు పుస్తకాల్లోనూ ఈ వైద్యం లేదు.

అత్త మందుల కోసం ఆస్పత్రికి వెళ్ళిన సమయం చూసి నేనే వండాను. మామ ఒక ముద్ద నమిలి, ఉమ్మి, నన్ను ఎగాదిగా చూశాడు. "ఏందిరా అల్లుడా, పొట్టు తీయకుండా వండినావు! నేనేమన్నా పిచ్చికనా?" (మరపట్టిన బియ్యం తప్ప ఎరగని కోస్తావాడికి గింజకు చొక్కా ఉంటుందని ఎలా తెలుస్తుంది?) ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. తిరిగొచ్చిన అత్త లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి ఆ నవ్వు వింది.

మిగతావి అత్త పొట్టుతోనే డబ్బాలో పోసి పైన వేపాకు వేసింది. అలా అయితే ఏళ్ళు నిలుస్తాయట. పొట్టు తీస్తే త్వరగా ముక్కిపోతాయట. అందుకే అల్లం దంచుకునే చిన్న రోట్లో రోజూ డ్యూటీ అయ్యాక వెళ్ళి కొన్ని కొన్నే దంచాను. చెరిగితే సగం గాలికి పోయాయి. వారం దంచితే గిద్దెడు తేలాయి. ఈలోగా మామ మంచం పట్టాడు.

అత్త నానబెట్టి, మెత్తగా వండింది. ఆయన గొంతు మింగే స్థితిలో లేదు. "నువ్ తినరా, నేను చూస్తా" అన్నాడు. తిన్నాను. "ఎట్లుంది?"

నోటికి వచ్చిందల్లా చెప్పాను: "పీచు పదార్థం ఉంది మామా. ఇనుము ఉంది. రక్తంలో చక్కెరని మెల్లగా వదులుతుంది..."

"రుచి చెప్పరా అంటే పుస్తకం చదువుతావేందిరా, పండితుడా!" అన్నాడు. నవ్వబోయాడు గానీ ఊపిరి చాల్లేదు. నాలుగు రోజులకు పోయాడు.

మొదట కాస్త మట్టివాసన, మామా. నమిలే కొద్దీ సన్నటి తీపి. గొంతు దగ్గర పొడిబారి మజ్జిగ అడుగుతుంది. ఇంతే కదా! ఈ మూడు ముక్కలు కూడబలుక్కోవడానికి ఆ పండితుడికి ఎన్నేళ్ళు పట్టిందో తలచుకుంటే నవ్వొస్తుంది.