అరచేతిలో ఎనిమిది

గరివిడి దగ్గర నేను కొత్తగా చేరిన ఫ్యాక్టరీలో, కంప్యూటర్ గది ఇన్‌ఛార్జి లెక్కలన్నీ ఎడమ అరచేతిలోనే వేసేవాడు. కంగారుపడితే చెయ్యి చెమర్చి అంకెలు చెదిరిపోయేవి. తుడుచుకుని మళ్లీ రాసేవాడు.

తుఫాను వస్తోందని, నాలుగింటికి కరెంటు తీసేస్తామన్నారు. గదిలోకి నీళ్లొస్తాయని అందరికీ భయమే. ఒంటిగంటకి మేనేజరు ఫ్యాక్టరీ రికార్డులున్న మూడు పాత టేపులు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"కొత్త ఫైబర్ లైన్ స్పీడు వంద కదా! పావుగంటలో మూడూ హెడ్డాఫీసుకి పంపించేయండి. ముందు ఉత్పత్తి టేపు."

ఇన్‌ఛార్జి తన అరచేతిలో వందని ఎనిమిదితో భాగించాడు. "అవి వంద మెగాబిట్లు సార్. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. మెగాబైట్లలో పన్నెండున్నరే. మన పాత టేపేమో సెకనుకి మూడే ఇస్తాది. రోడ్డు ఎంత ఎడల్పైతే ఏటి సార్, బండి ఎద్దుబండే. టేపుకి ముప్పై గిగాబైట్లు. నాలుగులోగా ఒక్క టేపే ఎల్తాది."

మేనేజరు విసురుగా వెళ్లిపోయాడు. ఇన్‌ఛార్జి కార్మికుల సర్వీసు రికార్డుల టేపు ఎక్కించాడు.

"సార్, ఉత్పత్తిది కదా ముందు పంపమన్నారు?" అన్నాను నేను.

చెదిరిన అంకెల్ని ఆయన చొక్కాకి తుడుచుకున్నాడు.

"సరుకు మళ్లీ తియ్యొచ్చురా. ఈలు సేసిన ముప్పై ఏళ్లు మళ్లీ ఎవుడు సేస్తాడు?"