వాదీ దగ్గర ఆగిన బస్సు

నా చిన్నప్పుడు మా నాన్న షార్జాలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకు బస్సు నడిపేవాడు. డెబ్బైల చివరి మాట. మాది కడప జిల్లా. అమ్మ కూడా షార్జాలోనే ఒక ఆసుపత్రిలో ఆయాగా చేసేది. శుక్రవారం నాకు బడి ఉండదు, అమ్మకు మాత్రం డ్యూటీ ఉండేది. ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక నాన్న నన్ను తనతోపాటు బస్సులో తీసుకుపోయేవాడు. డ్రైవర్ సీటుకు సరిగ్గా వెనక, కిటికీ పక్క సీటు నాది. ఆటగాళ్ళంతా ఆ ఊరి కుర్రాళ్ళే. పోలీసుల్లోనో ఆఫీసుల్లోనో పని చేసుకుంటూ ఆడేవాళ్ళు. నన్ను చూసి ఒక నవ్వు నవ్వి వెనక సీట్లలోకి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ జట్టు కోచ్‌ది పరాగ్వే. దక్షిణ అమెరికాలో ఆ దేశం ఎక్కడుందో బడిలో గోడమీది పటంలో వేలు పెట్టి వెతుక్కున్నాను. ఆయన అక్కడొక నది ఒడ్డున ఊళ్ళో పుట్టి, మీసాలు కూడా రాకముందే ఆట కోసం ఇల్లు వదిలాడట. అర్జెంటీనాలో ఆడాడు, కొలంబియాలో ఆడాడు, మెక్సికోలో ఆడాడు. మోకాలు పోయాక కోచ్ అయ్యి మళ్ళీ తిరగడం మొదలుపెట్టాడు. ఈక్వెడార్, గ్రీసు, సౌదీ, ఆ తర్వాత మా షార్జా. గెలిస్తే ఇంకెవరో ఎక్కువిస్తామని పిలిచేవాళ్ళు, ఓడితే ఉన్నవాళ్ళే పంపించేసేవాళ్ళు. ఎలాగైనా పెట్టె సర్దుకోవడం తప్పలేదని నవ్వుతూ చెప్పేవాడు. ఆయన ఆ ఊళ్ళ పేర్లు చెబుతుంటే, సెలవులకు కడపకు వెళ్ళేటప్పుడు రైల్లో స్టేషన్ల పేర్లు విన్నట్టుండేది నాకు.

ఆయన కాస్త హిందీ, కాస్త అరబ్బీ, కాస్త ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాడు. నాన్న కడప యాస నిండిన హిందీలో జవాబిచ్చేవాడు. వాళ్ళకు ఒకరి మాట ఒకరికి ఎట్లా తెలిసేదో కానీ, బస్సు కదిలిన దగ్గరనుంచి కబుర్లు ఆగేవి కావు. ఒకసారి నేను ఆయన మోకాలి మీద పొడుగాటి మచ్చ చూసి ఏమైందని అడిగాను. మెక్సికోలో ఉన్నప్పుడు మోకాలు వాచిందట. పెద్ద మ్యాచ్ ఉంది, సూది వేయించుకుని ఆడమన్నాడట క్లబ్బు యజమాని. కాదనే ధైర్యం లేక ఆడాడు. గెలిచారు కూడా. “ఆడమన్నాయన విందుకు పోయాడు. నేను ఆసుపత్రికి పోయాను,” అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు.

క్లబ్బు వ్యవహారాలన్నీ ఒక స్థానికుడి చేతిలో ఉండేవి. అందరూ ఆయన్ను ముదీర్ అనేవాళ్ళు, అంటే మేనేజర్. చెడ్డమనిషి కాదు, పండగకు నాకు కొత్త గౌను పంపించేవాడు. కానీ కోపం వస్తే ఒక్క మాటలో మనిషిని విమానం ఎక్కించేవాడు. అంతకుముందు బస్సు నడిపిన మలయాళీని అలాగే పంపించేశాడని నాన్న అమ్మతో చెప్పడం నేను విన్నాను. మా వీసాలు, మేముండే గది అన్నీ ఆయన పేరు మీదే ఉండేవి.

ఆ ఏడాది జట్టు సరిగ్గా ఆడలేదు. చివరి మ్యాచ్ కొండలకు అవతల ఫుజైరాలో. అది ఓడితే రెండో డివిజన్‌కు దిగిపోతారు, వెళ్ళకపోయినా ఓడినట్టే లెక్క. బయలుదేరేటప్పటికే అందరి ముఖాలు బిగుసుకుపోయి ఉన్నాయి. అది చలికాలం. ధైద్ దాటాక కొండల మీద ఆకాశం నల్లగా కమ్ముకుంది. బస్సులో ఎవరూ పాటలు పాడలేదు.

అక్కడ వాగును వాదీ అంటారు. ఏడాదంతా రాళ్ళు తేలి ఎండిపోయి ఉంటుంది. కొండల్లో గట్టి వాన పడిందంటే చూస్తుండగానే నిండుతుంది. ఆ రోజుల్లో చాలాచోట్ల వంతెనలు లేవు. రోడ్డే వాదీలోకి దిగి అవతల ఎక్కేది. మసాఫీ దాటి కొంత దూరం పోయాక అలాంటి చోట నాన్న బస్సు ఆపాడు. ఎదురుగా రోడ్డు లేదు. ఎర్రటి నీళ్ళు అడ్డంగా పారుతున్నాయి. లోతు తెలియడానికి పాతిన గుంజలు సగం మునిగి కనిపిస్తున్నాయి. ఇవతల రెండు మూడు కార్లు ఆగి ఉన్నాయి.

మాతో బస్సులోనే వస్తున్న ముదీర్ గడియారం చూసుకున్నాడు. “యల్లా, చలో,” అన్నాడు.

నాన్న దిగి నీళ్ళ అంచుదాకా వెళ్ళి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళదాకా తడిసింది. “సాబ్, పానీ బహుత్ జోర్ హై. కాసేపు చూద్దాం సాబ్,” అన్నాడు.

“కాసేపు చూస్తే మ్యాచ్ అయిపోతుంది. పెద్ద బస్సు ఇది, ఏం కాదు. నడుపు.”

నాన్న కదల్లేదు. ముదీర్ గొంతు పెంచలేదు, తగ్గించాడు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. “రఫీక్, నువ్వు నడపకపోతే ఖలాస్. రేపు నీకూ నీ ఇంటివాళ్ళకూ టికెట్,” అని చెప్పి, ఆగి ఉన్న కారువాళ్ళతో ఏదో మాట్లాడటానికి కిందికి దిగాడు.

నాన్న స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. ఇంజను ఆడుతూనే ఉంది. ముందరి అద్దంలో నాన్న కళ్ళు నాకు కనిపిస్తున్నాయి. ఆయన నీళ్ళవైపు చూశాడు, తర్వాత అద్దంలో నన్ను చూశాడు. “పాపా, కిటికీ మూసుకో,” అన్నాడు. నేను మూసుకున్నాను. పోతున్నామనే అనుకుని సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు నాన్న ఇంజను ఆపేశాడు. తాళంచెవి ఊడదీసి పిడికిట్లో పెట్టుకుని తల వంచుకున్నాడు. టికెట్, గది, అమ్మ ఉద్యోగం, నా బడి, అన్నీ ఆ పిడికిట్లో ఉన్నాయని నాకప్పుడు మాటల్లో తెలియదు. సీటు కమ్మీని మాత్రం వదల్లేదు.

వెనక ఆటగాళ్ళంతా అటువైపు కిటికీల దగ్గర గుమిగూడి నీళ్ళు చూస్తున్నారు. ముందు సీట్లో ఉన్న కోచ్ లేచి నాన్న పక్కకు వంగాడు. నాన్న వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి తాళంచెవి తీసుకున్నాడు. నావైపు చూసి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

ముదీర్ మెట్లెక్కేసరికి కోచ్ బస్సు మధ్యలో నిలబడి తాళంచెవి పైకెత్తి చూపిస్తున్నాడు. అందరికీ వినపడేలా చెప్పాడు: “చాబీ మైనే ఛీనా. డ్రైవర్ జానా చాహ్తా థా.” తాళంచెవి నేనే లాక్కున్నాను, డ్రైవర్ పోదామనే అన్నాడు అని.

ముదీర్ నాన్న వైపు తిరిగాడు. “నువ్వు నడుపుతానన్నావా?”

నాన్న కోచ్ ముఖం చూశాడు. ఆయన రెప్ప వేయకుండా చూస్తున్నాడు. “జీ సాబ్,” అన్నాడు నాన్న. మా నాన్న అబద్ధం చెప్పగా నేను వినడం అదే మొదలు.

ఇక ముదీర్ కోపమంతా కోచ్ మీదికి మళ్ళింది. అరబ్బీలో అరిచాడు, చెయ్యి చాపి ఇమ్మన్నాడు. కోచ్ వంగి తాళంచెవిని మేజోడులోకి దోపుకుని సీట్లో కూర్చున్నాడు. అంతలో ఒక నీళ్ళ ట్యాంకరు మా పక్కనుంచి వాదీలోకి దిగింది. సగానికి పోయాక ట్యాంకరు ఒక పక్కకు ఊగింది. ఎవరో ‘యా అల్లా’ అన్నారు. మళ్ళీ నిలదొక్కుకుని మెల్లగా అవతల గట్టెక్కి వెళ్ళిపోయింది.

“చూశావా?” అన్నాడు ముదీర్.

“చూశాను,” అన్నాడు కోచ్. తాళంచెవి తియ్యలేదు.

జట్టు కెప్టెన్ వచ్చి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పోలీసు ఉద్యోగం చేసే కుర్రాడతను. చిన్నప్పటినుంచీ ఆ క్లబ్బులోనే పెరిగాడు. బతిమాలుతూ ఏడ్చేశాడు. ఇంకొకడు కాలు పట్టుకుని లాగేసుకుందామని మీదికి వస్తే మిగతావాళ్ళు ఆపారు. పిరికివాడన్నారు, డబ్బు తిని అవతలి జట్టుకు అమ్ముడుపోయాడన్నారు. కోచ్ కెప్టెన్ తల మీద చెయ్యి వేసి నిమురుతూ కూర్చున్నాడు. ఆయన మెడ మీద చెమట కారడం నేను చూశాను, అంత చలిలో.

ఇక్కడ నేను మీకు, పెద్ద వరద వచ్చి ఆయన మాటే నిజమైందని చెప్పగలిగితే బాగుండేది. అలా జరగలేదు. నీళ్ళు పెరగలేదు. పొద్దు వాలే వేళకు తగ్గిపోయాయి. ఆగి ఉన్న కార్లు ఒక్కొక్కటే దాటిపోయాయి. అప్పటికి మ్యాచ్ సమయం గడిచిపోయింది. కోచ్ తాళంచెవి తీసి నాన్నకిచ్చాడు. నాన్న బస్సును షార్జా వైపు వెనక్కు తిప్పాడు.

క్లబ్బు రెండో డివిజన్‌కు పడిపోయింది. వారం తిరక్కుండానే కోచ్‌ను తీసేశారు. ఆయన వెళ్ళే ముందురోజు అమ్మ వండిచ్చిన అన్నం, కూర పట్టుకుని నాన్నా నేనూ ఆయన గదికి వెళ్ళాం. పెట్టె అప్పటికే సర్దేసి ఉంది. నాన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“కోచ్ సాబ్, బండి ఆపింది నేను. మీరెందుకట్లా చెప్పినారు?”

ఆయన నాన్నను చెయ్యి పట్టి లోపలికి లాగి కూర్చోబెట్టాడు. తన మూడు భాషలూ కలిపి చెప్పినదాన్ని తెలుగులో చెబితే ఇంతే: “నాకు ఇంకో దేశం దొరుకుతుంది. నీకు ఇంకో బస్సు దొరకదు.”

నాన్న ఏడ్చాడు. ఆయన మాత్రం కూర బాగుందని, కారం ఎక్కువైందని, నీళ్ళు ఇమ్మని నాతో కబుర్లు చెప్పాడు. తర్వాత ఆయన ఏ దేశం వెళ్ళాడో మాకు తెలియలేదు. కువైట్ అన్నారు కొందరు, తిరిగి తన దేశమే వెళ్ళిపోయాడన్నారు ఇంకొందరు. నాన్న మాత్రం నేను ఇంటర్ చదవడానికి కడప వచ్చేదాకా ఆ క్లబ్బు బస్సే నడిపాడు. ముదీర్‌కు అసలు సంగతి ఎప్పటికీ తెలియలేదు.

నేను నర్సునయ్యాను. రిటైరయ్యే నాటికి హెడ్ నర్సుని. ఒకసారి మా వార్డులో కొత్తగా కాంట్రాక్టు మీద చేరిన అమ్మాయి, ఆయాసపడుతున్న రోగిని అంబులెన్సులో వేరే ఊరికి పంపమని పెద్ద డాక్టరు చెప్పినా పంపకుండా ఆపేసింది. డాక్టరు ఊగిపోతూ వార్డులోకి వచ్చాడు. ఆ పిల్ల మందుల బీరువా పక్కకు నక్కి నిలబడింది. నేను ముందుకు వెళ్ళి, “ఆపమన్నది నేను సార్,” అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు, నోట్లోంచి అదే వచ్చేసింది. రోగిని పంపినా ఏమీ అయ్యేది కాదేమో, నాకు ఈనాటికీ తెలియదు. నెల తిరిగేసరికి నన్ను ఇంకో బ్లాకుకు మార్చారు.

నేను సామాను సర్దుకుంటుంటే ఆ అమ్మాయి వచ్చి, “ఎందుకట్లా చెప్పినారు మేడమ్?” అని అడిగింది.

“నాకు ఇంకో వార్డు దొరుకుతుందిలేమ్మా,” అన్నాను.