బాపు కాల్ల మెగ్నీషియం

మొన్న మా బాపును పట్టుకొని దవాఖానకు ఉరికిన సంగతి చెప్తే మీరు నవ్వుతరు. నవ్వుండ్రి! కానీ గా రోజు నా పానం ఎట్ల కొట్టుకుందో నాకే ఎరుక.

మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. నేను హైదరాబాద్ల పీహెచ్‌డీ చేస్తున్న, మెగ్నీషియం మీద. విరిగిన ఎముకకు మెగ్నీషియం స్క్రూ ఏస్తే, ఎముక అతికినంక అది మెల్లగ ఒంట్లనే కరిగిపోతది. మళ్ల కోసి తీసే పనుండదు. గదే నా చదువు.

బాపు బండి మీదికెళ్లి కిందవడి చీలమండ విరగ్గొట్టుకుండు. ఆపరేషన్ అయినంక నేను ఇంటికొచ్చిన.

"డాక్టర్ ఏమన్నడు బాపూ?"

"లోపల స్క్రూ ఏసిండంట బిడ్డా. తీసే పని లేదన్నడు."

తీసే పని లేదా! నాకు సంతోషం ఆగలే. "గది మెగ్నీషియమే బాపూ! నేను చదివేది గదే!"

ఇంగ ఊకుంటనా? అమ్మ చేసిన జొన్నరొట్టెల దొంతి ముందల పెట్టుకొని క్లాస్ మొదలువెట్టిన. "గా లోహంల పరమాణువులు గీ రొట్టెల లెక్క పొరలు పొరలుగ ఉంటయ్. పైమొఖం తడి దిక్కు ఉంటే జల్ది కరగదు. పక్కమొఖం ఉన్నదనుకో, తడి దాన్ని జల్ది తినేస్తది. కరిగేటప్పుడు బుడగలు గూడ వస్తయ్."

బాపు రొట్టె నమిలేది ఆపిండు. "మరి నా కాల్ల ఎటు మొఖం పెట్టిన్రు?"

ఎటు పెట్టిన్రో నాకేం ఎరుక! ఎముక అతకకముందే కరిగితే?

గంతే, బాపు చింతపులుసు బంద్ చేసిండు. పులుపు తగిలితే స్క్రూ జల్ది పోతదంట! ఎముక జారకుంట తువాల తీసి చీలమండకు బిగిచ్చి కట్టిండు. తెల్లారి చూస్తే పాదం బూరె లెక్క ఉబ్బింది.

"బిడ్డా, లోపల బుడబుడ అంటాంది."

ల్యాబ్‌ల ఉప్పునీళ్లల్ల బుస్సుబుస్సుమని కరిగిన ముక్కలే కండ్ల ముందల తిరిగినయ్. నొక్కి చూస్తే నా ఏలికి గూడ బుడగ తగిలినట్టే అనిపిచ్చె! ఆటో మాట్లాడి దవాఖానకు ఉరికినం. తొవ్వ పొడుగుత ప్రతి గుంతకు, "స్క్రూ పోయిందా బిడ్డా?" అని బాపు, "ఏం కాదు బాపూ" అని కాలు కదలకుంట పట్టుకొని నేను.

డాక్టర్ మొదలు తువాల ఇప్పిండు. "ఇంత గట్టిగా కడితే వాపు రాదా? ఎందుకు కట్టారు?"

"స్క్రూ కరిగిపోతే ఎముక జారకుంట సార్," అన్నడు బాపు.

"కరగడమేంటి? అది స్టీలు! ఇబ్బంది పెట్టకపోతే జీవితాంతం అలాగే ఉంటుంది, అందుకే తీసే పని లేదన్నాను." ఎక్స్‌రే తీసి లైటుకు పెట్టిండు. స్క్రూ తెల్లగ మెరుస్తాంది. మెగ్నీషియమైతే మసకగ కనవడ్తది. గిది నాకు తెల్వనిదా! ఆపరేషన్ అయినంక తీసిన ఎక్స్‌రే కవర్ ఇంట్ల బాపు మంచం మీదనే ఉండె. ఒక్కసారి ఇప్పి చూసుంటే అయిపోతుండె!

"కరుగుతుందని ఎవరు చెప్పారండీ మీకు?"

బాపు నా దిక్కు మురిపెంగ చూసిండు. "మా బిడ్డనే సార్. గా లోహం మీదనే పీహెచ్‌డీ చేస్తాంది."

డాక్టర్ అద్దాలు తీసి నన్ను కింది నుంచి మీదికి చూసిండు. "అయిపోయిందామ్మా పీహెచ్‌డీ?"

"ఇంకా లేదు సార్."

"అదే అనుకున్నా."