ఆయిలంగడి అక్క వేయించిన ఎనిమిది

పెనుకొండ ఆయిలంగడి అక్క పోయిందన్న మాట, లేపాక్షిలో సిమెంటు మూటలు దించుతుండగా నా చెవిన పడింది. ఆ అంగడి పక్కన టీ అమ్మే ఆయన ఫోన్ చేసి, "ఏమప్పా, యాడుండావు? అక్క పోయిందబ్బా. పొద్దున్నే అంగడి ముందర కసువు ఊడ్చి, అట్లే కూలబడిందంట" అన్నాడు. ఎత్తుకోబోయిన మూటను మళ్లీ బండిలోనే పెట్టి, దాని మీదే కూర్చుండిపోయాను.

హిందూపురం నుంచి ధర్మవరం దాకా బాడుగలకు తిరిగే మేమెవరమూ ఆమెను పేరు పెట్టి పిలిచి ఎరగం. భర్త పోయాక ఆ అంగడి ఆమె చేతికొచ్చింది. ఇంజనాయిలు, గేరాయిలు, గ్రీజు అమ్మేది. గేరాయిల్లో గంధకం ఉంటుంది కాబట్టి కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. శెట్ల ఇంటి కోడలు కదా, "మా వంటింట్లోకి గుడ్డే రాదు, దాని కంపు మాత్రం నా కొంగు వదల్లేదు సూడప్పా" అని నవ్వేది.

నేను మొదటిసారి ఆమె దగ్గరికి పోయింది ఏడుపు ముఖంతోనే. బత్తలపల్లి దగ్గర మాకు కొద్దిపాటి చేను. అది చాలక ఒక పాత చిన్న లారీ కొన్నాను. కొన్న వారానికే మలుపు తిరిగిన ప్రతిసారీ వెనక ఇరుసులో కటకటమని ఒకటే సద్దు. ఒక మెకానిక్కు ఇరుసు విప్పాల్సిందే అన్నాడు. బండి షెడ్డులో పడుకుంటే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

"నేరుగా పోయేటప్పుడు గూడ అరుస్తాండాదా, మలుపులోనేనా?" అని అడిగింది అక్క.

"మలుపులోనే అక్కా."

"అయితే ఇప్పుడే విప్పొద్దు. ముందు నూనె సూస్తాం."

నూనె మార్చడానికి ముందు, బండి కడుపులో ఏముందో నాకు తెలియాలని పట్టుబట్టింది. "మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాల, లోపలిది తక్కువ. ఆ తేడా సర్దేదే డిఫరెన్షియల్. మామూలు దాంట్లో ఒక చెడ్డ గుణం ఉండాది. ఒక చక్రం బురదలో జారితే బలమంతా దానికే పారబోస్తాది. గట్టి నేల మీదుండేది ఊరికే సూస్తా ఉంటాది. నీ బండిలోది లిమిటెడ్ స్లిప్పు. లోపల పలకలు ఒకదాన్నొకటి ఒత్తుకోని ఉంటాయి, ఒక చక్రాన్ని మరీ జారిపోనీకుండా పట్టుకుంటాయి."

తన రెండు అరచేతులూ ఒత్తి రుద్ది చూపించింది. పొడి చేతులు పట్టుకుంటూ వదులుతూ కదిలాయి. ఒక చుక్క నూనె వేసుకుని మళ్లీ రుద్దింది. మెత్తగా జరిగాయి. "మలుపులో పలకలు ఇట్ల రవ్వంత జారాల. నువ్వు పోసిన నూనె వీటికి సరిపోయేది గాదు."

తగిన గేరాయిలు పోయించి, పలకలు మెత్తగా జారడానికి ఒక చిన్న సీసా మందు కలిపింది. అంతటితో వదల్లేదు. అంగడి వెనక ఖాళీ స్థలంలో బండిని ఎడమకూ కుడికీ మెల్లగా తిప్పుతూ ఎనిమిది అంకె వేయించింది. అట్లా తిరిగితేనే నూనె పలకల సందుల్లోకి పోతుందట. తాను స్టూలు మీద కూర్చుని, కళ్లు మూసుకుని వినేది. సద్దు ఆగితే చెయ్యి ఎత్తేది. ఆ చెయ్యి లేవనిదే ఇట్లాంటి బండి ఏదీ ఆ స్థలం దాటకూడదు.

నా బండి సద్దు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. నా ముఖం చూసి అక్క లేచింది. "నిన్ను ఇట్ల సూడలేనబ్బా" అంటూ ఇంకో సీసా మొత్తం పోసింది. సద్దు మాయమైంది. చెయ్యి లేచింది.

ఆ రెండో సీసా సంగతి శెనక్కాయల కాలంలో బయటపడింది. ముందురోజు వాన పడి చేను మెత్తబడి ఉంది. కాయలు నింపిన బండి గట్టు దగ్గర కూరుకుపోయింది. ఒక చక్రం గిరగిరా తిరుగుతోంది, రెండోది కదలదు. ఆమడగూరు దిక్కున మళ్లీ మబ్బు కమ్ముతోంది. కాయ తడిస్తే మా ఏడాది కష్టం బూజు పడుతుంది. అక్కకు ఫోన్ చేశాను. అంతా విని, "వస్తాండా, ఉండు" అని పెట్టేసింది.

బేరాల వేళ అంగడి మూసి, బస్సెక్కి, ఆటో పట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడిచొచ్చింది. మా నాయన మండిపడుతూ ఎదురు పోయాడు. ఆయన నోరు తెరవకముందే, "తప్పు నాదే పెద్దయ్యా. పిల్లోడు బాధపడతాండాడని మందు ఎక్కువ పోస్తి. పలకలకు పట్టు పోయింది" అంది. నావైపు తిరిగి, "హ్యాండ్‌బ్రేకు రవ్వంత లాగి పట్టు, పూర్తిగా గాదు. జారే చక్రాన్ని నిమ్మళం చేస్తే రెండోదానికి బలం పోతాది" అంది.

అట్లే చేశాను. నిలబడిపోయిన చక్రం నేలను కరిచింది. బండి గట్టెక్కింది. పట్టా కట్టేసరికి చినుకులు మొదలయ్యాయి. కాయలు పొడిగానే ధర్మవరం చేరాయి.

"ఈ మాట ఫోన్లో చెప్పింటే సరిపోయేది గదమ్మా" అన్నాడు నాయన, అప్పటికి కోపం దిగిపోయి.

"నా నూనెతో కూరుకుపోయిన బండిని సూడకుండా అంగట్లో ఎట్ల కూచుందును?"

మరుసటి రోజు పాత నూనె దింపించి, కొలిచి పోయించింది. "కనికరాన్ని గూడ కొలిచే పోయాలబ్బా" అంది. అనడమే గానీ, నూనె తప్ప ఇంకేదీ ఆమె కొలిచి పోయలేదు. ఎండాకాలంలో ఆమె ఇచ్చే మజ్జిగ లోటా అంచు దాటి మా చేతుల మీద కారేది. అంత ప్రేమను మేమెవరం సంపాదించుకోలేదు, ఊరికే దొరికింది.

పెద్దకర్మ అయ్యాక అక్క కోడలు అంగడి తెరిచింది. నా బండికి నూనె మార్చే అదును వచ్చింది. ఆ అమ్మాయి సరిగ్గా కొలిచి ఇచ్చింది. అలవాటు కొద్దీ అత్త కూర్చునే స్టూలు తెచ్చి బయట వేసి, ఒక క్షణం దాన్నే చూసి, కళ్లొత్తుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. నేను బండి ఎక్కి ఎనిమిది మొదలుపెట్టాను. కాసేపటికి సద్దు ఆగింది. ఇరుసు మెత్తగా తిరుగుతోంది. పోవచ్చని నాకూ తెలుసు. కానీ స్టూలు మీద చెయ్యి లేవలేదు. ఎడమకూ కుడికీ, ఆ ఖాళీ స్థలంలో నేను తిరుగుతూనే ఉన్నాను.