ఆకుపచ్చ బొట్టుబిళ్ల ఉన్న మెట్టు

నాకు పాట నేర్పిన టీచరమ్మ పోయిన గురువారం చిత్తూరులో చనిపోయారు. వాళ్లమ్మాయి ఫోను చేసి ఆ కబురు చెప్పేటప్పటికి నేను తిరుపతిలో, ఇంకొక పాటల సారు ఇంటి ముందర చెప్పులు విప్పుతున్నాను. రెండు నెలలుగా అక్కడికి దొంగచాటుగా వెళ్తున్నాను. ఆ సారు దగ్గర చేరిపోవాలా వద్దా అన్నది తేల్చుకోలేదు. టీచరమ్మకు చెప్పలేదు. ఇక చెప్పడానికి లేదు.

మా ఊరు ఐరాల నుంచి వారానికి రెండు రోజులు బస్సులో ఆమె దగ్గరికి వెళ్లేవాణ్ని. కొత్తగా ఎవరు చేరినా మొదటిరోజు ఆమె పాడించరు. కాఫీ ఇచ్చి, ఊరి సంగతులు మాట్లాడిస్తారు. మాట్లాడే గొంతు ఎక్కడ తేలిగ్గా ఆనుతుందో విని, హార్మోనియంలో ఆ స్వరం పలికే మెట్టు మీద తన బొట్టుబిళ్ల ఒకటి అంటిస్తారు. అదే వాళ్ల శ్రుతి. ఒక్కొక్కరికి ఒక్కో రంగు. నాది ఆకుపచ్చ.

నేను కరపత్రాలు చదివి పెరిగినవాణ్ని. కూలివాళ్ల సభల్లో పాడాలని కోరిక. కాళ్లకు మొక్కనని, అది బానిసత్వమని మొదటిరోజే ఆమెతో అన్నాను.

"మొక్కొద్దులే నాయనా. కాళ్లు కడుక్కోని వస్తివి, అది సాలు" అన్నారామె.

ఎనిమిది నెలలు నన్ను ఆ మెట్టుకే కట్టేశారు, అదీ చిన్న గొంతుతో. ఒకనాడు కోపం ఆగలేదు.

"జనం పాట ఇట్లా గొణిగితే ఎవురికి ఇనపడతాది టీచరమ్మా? పెద్ద గొంతు కావల్ల."

"అరిస్తే దూరం పోతాది. నిలబడదప్పా. రెండో పాటకు నీకే ఇనపడదు."

ఆ వారమే తిరుపతి వెళ్లాను. ఆ సారుకు మైకులున్నాయి, సభల్లో పాడే బృందముంది. అందరిచేతా ఒకే శ్రుతిలో పాడిస్తారు. అది నా మెట్టుకు చాలా పైన. మర్నాటికి గొంతు బొంగురుపోయింది. మంచులో తిరిగానని టీచరమ్మతో అబద్ధం చెప్పాను. ఆమె మిరియాల పొడి, పటికబెల్లం కలిపి పొట్లం కట్టిచ్చారు. ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడమే నన్ను తింటోంది.

మొన్న వెళ్తే వాళ్లమ్మాయి హార్మోనియం తెరిచింది. నా బిళ్ల పీకేసి ఉంటారేమోనని భయపడుతూనే చూశాను. ఉంది.

"అక్కా, నేను తిరుపతికి పోతాండేది అమ్మకు తెలుసునా?"

"నీ గొంతు పోయిన్నాడే తెలుసు. మంచుకైతే ముక్కు కారతాది గానీ గొంతు ఇట్లా సీలదు అని నవ్వింది."

"కోపం చేసుకునిందా?"

"పోతే పోనీ అనింది. ఆ సారుకు నీ మెట్టు యాడుండాదో సెప్పుకుంటే సాలంట. ఈడ ఇంత కొట్లాడతాడే, ఆడ నోరు లేస్తాదో లేదో అనింది."

తిరుపతిలో నా నోరు లేవలేదు. గురువును ప్రశ్నించమని కరపత్రంలో చదివాను. కాఫీ ఇచ్చి వినే గురువును మాత్రమే ప్రశ్నించాను.

ఆదివారం మళ్లీ తిరుపతి క్లాసు. నా శ్రుతి ఇది కాదు సార్ అని చెప్పాలి. వింటారో, ఒక్కడికోసం బృందం శ్రుతి దించలేము, పొమ్మంటారో. పొమ్మంటే వచ్చేయాలి.

మొన్న టీచరమ్మ ఇంటి నుంచి బయలుదేరేముందు ఆ మెట్టు ఒకసారి నొక్కాను. బంక పాతబడిందేమో, బిళ్ల నా వేలికి అంటుకొని వచ్చేసింది. ఐరాల బస్సులో, కిటికీ గాలికి అది ఎగిరిపోకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టుకొని కూర్చున్నాను.