తంబాకు ఘాటే అనుకుంది

బోధన్‌లో గోదావరి ఊహ తెలిసీ తెలియని వయసులోనే బీడీలు చుట్టడానికి కూర్చుంది. పెళ్లయి అత్త హన్మవ్వ ఇంటికొచ్చినా ఒళ్లోంచి చాట దిగలేదు. ఆ ఇంట్లో ఎర్రటి కళ్లు వింతేమీ కాదు. తంబాకు సంచి విప్పితే చాలు, అత్తాకోడళ్ల కళ్లు చింతనిప్పులయ్యేవి. నీళ్లు చల్లుకుని మళ్లీ పనిలో పడేవాళ్లు.

గోదావరి ప్రాణమంతా కూతురు నిఖిత మీదే. పసిగుడ్డుగా ఉన్నప్పుడే పిల్లకు నీటికాసులని, కంట్లో నీరు నిలిచి ఒత్తిడి పెరిగే జబ్బని తేలితే, నిజామాబాద్‌లో రెండు కళ్లకూ ఆపరేషన్ చేశారు. కంట్లో ఊరే నీరు బయటికి పోయేలా పైరెప్ప కింద సన్నటి దారి చేశారు. డాక్టరమ్మ శైలజ ఆనాడే గట్టిగా చెప్పింది.

"ఆ దారిలోంచే క్రిములు లోపలికి పోగలవు. ఏళ్లు గడిచినా సరే, కన్ను ఎర్రబడితే ఆ రోజే తీసుకురా."

గోదావరి ఆ మాటను చాలాకాలం గుండెల్లో పెట్టుకుంది. పిల్ల బడికి పోయి గంతులేస్తుంటే భయం మెల్లగా సర్దుకుంది. పాడు భయం, కావలసిన నాడే మొహం చాటేస్తుంది!

ఆ రోజు కార్ఖానా నుంచి కొత్త తంబాకు వచ్చింది. మహా ఘాటు. హన్మవ్వ తుమ్మీ తుమ్మీ అలిసిపోయింది. బడి నుంచి వచ్చిన నిఖిత ఎడమకన్ను నులుముకుంటూ తల్లి ముందు నిలబడింది.

"అవ్వా, కన్ను మండుతుంది."

గోదావరి చూస్తే ఎర్రగా ఉంది. అత్త కళ్లూ ఎర్రగానే ఉన్నాయి, తనవీ అంతే.

"తంబాకు ఘాటే బిడ్డా. మొఖం కడుక్కొని బయట కూసో."

పిల్ల బయట నిలవలేకపోయింది. వెలుతురు గుచ్చుతోందని లోపలికొచ్చి, గోడవైపు తిరిగి మోచేతిలో ముఖం దాచుకుంది.

"నిద్రొస్తున్నట్టుంది, పండనియ్యి," అంది హన్మవ్వ.

గోదావరి పిల్ల వైపు ఒకసారి చూసింది. అయినా చేతులు ఆగలేదు.

తెల్లారేసరికి రెప్ప ఉబ్బిపోయింది. విడదీసి చూస్తే నల్లగుడ్డు మీద తెల్లటి పొర. పిల్లను భుజాన వేసుకుని నిజామాబాద్ బస్సెక్కింది. దారి పొడుగునా చెరుకు ట్రాక్టర్లు అడ్డం. ఒక్కోదాన్నీ తిట్టిపోసింది.

శైలజ రెప్ప విడదీసి కన్ను చూసింది.

"నిన్ననే తీసుకురావలసింది కదమ్మా?"

"తంబాకు ఘాటనుకున్న మేడమ్. మా ఇంట్ల అందరికి గట్లనే ఎర్రగైతయి."

"పిల్లకు రెండు కళ్లూ ఎర్రబడ్డాయా?"

గోదావరికి అప్పుడు తట్టింది. ఘాటైతే రెండు కళ్లకూ తగలాలి కదా. తను చూసింది, కళ్లారా చూసింది.

"ఒక్కటే," అంది.

కంట్లోకి సూదులు వేశారు, మందులు పోశారు. చీము పోయింది. దానితో పాటే చూపూ పోయింది.

ఇప్పుడు తంబాకు చాట వాకిట్లోకి మారింది. కానీ కుడికంట్లోనూ అలాంటి దారే ఉంది. గోదావరి బీడీ చుడుతూ చుడుతూ ఆగి, "బిడ్డా, ఇటు రా," అని పిలుస్తుంది. నిఖిత వచ్చి, ఎవరూ చెప్పకుండానే రెండు వేళ్లతో కుడిరెప్ప ఎత్తి పట్టి వెలుతురుకు ముఖం పెడుతుంది.

"ఎర్రగున్నదా అవ్వా?"

గోదావరి తన ఎర్రటి కళ్లను కొంగుతో తుడుచుకుని మళ్లీ చూస్తుంది. లేదని చెప్పడానికి ఆమెకు చాలాసేపు పడుతుంది.