చెల్లెలు మరిచిన నాలుగు నెలలు

పద్నాలుగు, పదిహేనేళ్ల ఆడపిల్లల కోసం నేనొక నవల రాశాను. దాని పేరు ఇక్కడ చెప్పను. తలుచుకుంటేనే రోత. అందులో ఒక అమ్మాయి సైకిల్ మీంచి పడి గతమంతా మరిచిపోతుంది. తలకు తెల్లటి కట్టు, కిటికీలోంచి లేత ఎండ, పక్కన కూర్చుని పాత సంగతులన్నీ ఓపికగా చెప్పే అక్క. చివరి అధ్యాయంలో తొలకరి పడగానే మట్టివాసనకు ఆ పిల్లకు అన్నీ గుర్తొస్తాయి. అక్కాచెల్లెళ్లు తడుస్తూ ఏడుస్తారు. వేరుశెనగ చేలకే వాన రాని మా అనంతపురం వైపు, కథ కోసం నేను వాన తెప్పించాను. చాలామంది మెచ్చుకున్నారు.

ఆ అక్క నేనేనన్నట్టు రాసుకున్నాను. ఆ రోత అందుకే.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేస్తాడు. పెద్ద అంచు చీర నేయాలంటే మగ్గం దగ్గర ఇద్దరు ఉండాలి. మా అమ్మ పోయినప్పటి నుంచి ఆ రెండో మనిషిని నేను. డిగ్రీ అయ్యి నాకు టీచరు ట్రైనింగులో సీటు వచ్చిన ఏడాదే చెల్లెలు పదో తరగతి పాసైంది. ఇద్దరిలో ఒకరే బయటికి పోవాలన్నాడు నాయన. చెల్లెలు వారం రోజులు సరిగా అన్నం తినకుండా వాదించింది. చివరికి నాయనే మెత్తబడ్డాడు. ఇద్దరూ చదువుకోండి, నేనొక కూలి మనిషిని పెట్టుకుంటానన్నాడు.

మర్నాడు కాలేజీ దరఖాస్తు కోసం ఇద్దరం స్కూటీ మీద అనంతపురం వెళ్లాం. తిరిగి వస్తుంటే బత్తలపల్లె దాటాక గొర్రెల మంద అడ్డం వచ్చింది. నేను గట్టిగా బ్రేకు వేశాను. వెనక కూర్చున్న చెల్లెలు ఎగిరి కంకర మీద పడింది.

ఆసుపత్రిలో తెల్లటి కట్టూ లేదు, లేత ఎండా లేదు. వాంతులు, తడిసిన దుప్పట్లు, సగం గొరిగిన తల, కుట్ల దగ్గర చీము వాసన. నాకేమైందక్కా అని అడిగేది. చెప్పేదాన్ని. గుక్కెడు నీళ్లు తాగేలోపు మళ్లీ అదే అడిగేది. మూడో రోజుకు కసిరాను. నా నవలలో అక్క ఒక్కసారి కూడా విసుక్కోదు.

నెల తిరిగేసరికి మనిషి కుదుటపడింది. కానీ పడక ముందరి నాలుగు నెలలు తిరిగి రాలేదు. పరీక్షలు రాసింది, పాసైంది, నాయనతో పోట్లాడింది, ఏదీ గుర్తులేదు. ఒకరోజు అన్నం తింటూ, కాలేజీ సంగతి ఏమనుకున్నామని నాయనను అడిగింది. ఆయన కంచంలోంచి తలెత్తలేదు.

"నువ్వే వద్దంటివి కదమ్మా. మగ్గం కాడ కూచుంటానంటివి."

చెల్లెలు నా వైపు తిరిగింది. "అవునా అక్కా?"

నేను తల ఊపాను. ట్రైనింగులో నేను చేరాల్సింది ఆ సోమవారమే. కూలి మనిషిని పెట్టాల్సిన పని లేకుండా పోయింది.

ఆ తర్వాత పన్నెండేళ్లు గడిచాయి. నేను టీచరునై ముదిగుబ్బ దగ్గర బడిలో చేరాను. ఆమె మగ్గం దగ్గరే ఉండిపోయింది. నవల అచ్చయ్యాక మొదటి కాపీ తీసుకెళ్లి ఆమె చేతికే ఇచ్చాను. ఎంత సిగ్గు లేనితనం!

నెల తర్వాత మళ్లీ వెళితే, పుస్తకం చదివానంది. నాయన ఇంట్లో లేడు. ఆమె చేతిలో పని ఆపలేదు.

"దానికి అన్నీ గుర్తొచ్చినట్ల రాసినావే అక్కా. నాకేమీ రాలేదు. మీరు చెప్పిందే నాకు గుర్తు."

అప్పుడు నిజం చెప్పేశాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఆ వారం తనేమన్నదో ఉన్నది ఉన్నట్టు చెప్పమంది. రెండేళ్లు నన్ను పంపు నాయనా, సెలవుల్లో అక్కా నేనూ ఇద్దరం నేస్తాం అన్నావని చెప్పాను. మళ్లీ చెప్పించుకుంది. మూడోసారి కూడా. పక్కింటి పిల్ల సంగతి విన్నట్టు విన్నది.

"అప్పుడు అబద్ధం చెప్పినావు. ఇప్పుడు చెప్పేది నిజమని నేనెట్ల నమ్మేది?"

నాయననే అడుగు అన్నాను. నాయన వచ్చేదాకా ఆమె పని చేసుకుంటూనే ఉంది. ఆయన రాగానే ఆమె అడిగింది. ఆయన తువ్వాలు దండెం మీద వేసి, కాళ్లు కడుక్కుని వచ్చి అన్నాడు.

"ఎప్పటి మాటలో అవి. నాకు గుర్తులేదు."

ఏ పెండ్లికి ఏ రంగు చీర నేశాడో ఈ రోజుకీ తడుముకోకుండా చెప్పే మనిషి. ఆయనను చూస్తే అసహ్యం వేసింది. గుర్తులేదన్న ఆ మాట నాకు ముందే తోచి ఉంటే ఎంత తేలికగా తప్పించుకునేదాన్ని అని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

సగంలో ఉన్న చీర పూర్తి చేశాక చెల్లెలు మళ్లీ నాయన పక్కన కూర్చోలేదు. రెండు వీధుల అవతల ఇంకొకరి మగ్గం మీద కూలికి నేస్తోంది. నాయనకు వంట మాత్రం చేసి పెడుతుంది. ఇప్పుడైనా చదువుకో, దూరవిద్యలో నేను చేర్పిస్తానంటే, "నీకు నిద్ర పట్టేదానికి నేను చదవాల్నా?" అంది.

ఫోను చేస్తే ఎత్తుతుంది. తిన్నావా అంటే తిన్నానంటుంది. ఆమె మాత్రం నన్నేమీ అడగదు.